కళ్లలోంచి నీళ్లు కారుతుంటే "కళ్లు పొడిబారాయి" అన్నారు. ఇదెలా సాధ్యం?

లెక్కలపుస్తకం · సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నాకు 41 ఏళ్లు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు అంకెలతోనే పని. నాలుగు నెలల నుంచి మధ్యాహ్నం మూడు దాటితే చాలు, ఎడమ కంట్లోంచి ధారగా నీళ్లు. తుడిచీ తుడిచీ కనుకొలికి దగ్గర చర్మం ఒరుసుకుపోయింది. మొన్న మీటింగులో పక్కనున్నావిడ మెల్లగా "ఇంట్లో అంతా బాగానే ఉందా అండీ?" అని అడిగారు. ఏడుస్తున్నాననుకున్నారు.

శనివారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. కంట్లో పసుపురంగు మందు వేసి నీలం లైటుతో చూశారు. అంతకుముందే కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమన్నారు. చివరికి "డ్రై ఐస్ అండీ, కళ్లు పొడిబారాయి" అని చుక్కల మందు రాసిచ్చారు. బయట చాలామంది ఉన్నారు, నేను ఇంకేదో అడిగేలోపే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశారు.

నీళ్లు కారే కంటికి మళ్లీ నీటి చుక్కలేమిటో నాకు అర్థం కావట్లేదు. ఇది చూపు పోయే జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది. ఈ చుక్కలు జన్మంతా వేసుకోవాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

రాత్రిబండి · సోమవారం, రాత్రి 11:15

అన్నా, కంగారు పడకండి. నాకూ అచ్చం ఇలాగే ఉండేది. రాత్రిపూట బండి నడుపుతాను. ఎదురొచ్చే లైట్లన్నీ ముళ్లు మొలిచినట్టు చీలిపోయి కనపడేవి. రెండుసార్లు గట్టిగా రెప్ప కొడితే చూపు తేటపడేది, నాలుగు క్షణాలకు మళ్లీ మసక. కళ్లద్దాల పవర్ మారిందనుకుని రెండుసార్లు అద్దాలు మార్పించాను. ఏమీ తేడా రాలేదు.

నా విషయంలో అసలు దోషి ఏసీ గాలి. బండిలో గాలి సూటిగా మొహానికి కొట్టేది. ఆ గాలిని పాదాలవైపు తిప్పాక వారంలో సగం బాధ తగ్గింది. మీ సీటు దగ్గర ఫ్యాను గానీ ఏసీ గానీ ఎటు ఉందో ముందు చూసుకోండి. మిగతాది రెప్పచాటు అక్క చెప్తారు, ఆవిడ కంటి పరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నారు.

రెప్పచాటు · మంగళవారం, ఉదయం 6:50

లెక్కలపుస్తకం గారూ, మీ డాక్టరు చెప్పింది నిజమే. మీ అనుమానమూ న్యాయమైనదే. నేను పద్నాలుగేళ్లుగా ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. "నీళ్లు కారుతున్నాయి కదా, పొడి ఎక్కడిది?" అని అడగని పేషెంటు లేరు.

కన్నీరు అంటే ఉత్త నీరు కాదు. కంటి మీద ఎప్పుడూ ఒక పలచని పొర ఉంటుంది. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. నల్లగుడ్డుకి అంటుకుని జిగురు లాంటి పదార్థం, దాని మీద నీరు, అన్నిటికీ పైన నూనె. జిగురు లేకపోతే నీరు కంటికి అంటుకోదు, తామరాకు మీద బొట్టులా జారిపోతుంది. నూనె లేకపోతే ఉన్న నీరు ఆవిరైపోతుంది. ఆ నూనె రెప్పల అంచులో ఉండే గ్రంథుల నుంచి వస్తుంది. పై రెప్పలో ముప్ఫై దాకా, కింది రెప్పలో ఇరవైకి పైగా ఉంటాయి. 1666లో హైన్రిచ్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు వీటి గురించి వివరంగా రాశాడు, అందుకే మైబోమియన్ గ్రంథులంటారు. అద్దంలో రెప్ప అంచుని దగ్గరగా చూస్తే వెంట్రుకల వెనక వరసగా చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి, అవే వాటి నోళ్లు.

ఇప్పుడు మీ కన్నీటి సంగతి. పొర చిరిగిపోయి నల్లగుడ్డు గాలికి తగలగానే అక్కడి నరాలు "ఏదో పడింది" అని కబురు పంపుతాయి. పై రెప్ప పక్కన ఉన్న పెద్ద కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. దుమ్ము పడ్డప్పుడు వచ్చే నీళ్లు ఇవే. వాటిలో నూనె వాటా తక్కువ. వరద నీరు పొలంలో నిలవనట్టు అవి చెంప మీదికి పోతాయే గానీ కంటిని తడిపి ఉంచవు. కారే నీరు ఎక్కువైనా కంటికి తడి అందకపోవడం అంటే ఇదే.

మూడు గంటలకే ఎందుకు? మామూలుగా మనం నిమిషానికి పదిహేను సార్లు దాకా రెప్ప వేస్తాం. తెర ముందు అది సగానికి, కొందరిలో మూడో వంతుకి పడిపోతుంది. పైగా వేసే రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు, సగం దిగి లేస్తుంది. నూనె బయటికి రావాలంటే రెండు రెప్పలూ అంచులు కలిసి ఒత్తుకోవాలి. పొద్దున్నుంచీ అలా ఒత్తుకోకపోతే మధ్యాహ్నానికి ఫలితం తెలుస్తుంది.

మీ రిపోర్టులో రెండు అంకెలు ఉంటాయి. కాగితం ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో ఒకటి, పొర ఎన్ని సెకన్లకు చిరిగిందో ఇంకొకటి. అవి రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

చూపు పోతుందేమోనన్న భయం పక్కన పెట్టండి. సరిగ్గా చూసుకుంటే ఇది చాలామందిలో అదుపులో ఉండే సమస్య.

లెక్కలపుస్తకం · మంగళవారం, రాత్రి 9:05

మేడమ్, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా చాలా థాంక్స్. మీరు రాసింది మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. రాత్రి కాస్త నిద్ర పట్టేలా ఉంది.

కాగితం పక్కన కుడి 14, ఎడమ 12 అని ఉంది. ఇంకోచోట రెండు కళ్లకీ 4 సెకన్లు అని ఉంది.

రెప్పచాటు · మంగళవారం, రాత్రి 10:20

అయితే చాలా వరకు తేలిపోయింది. ఆ కాగితం పరీక్షని షిర్మర్ టెస్ట్ అంటారు. ఐదు నిమిషాల్లో 10 మిల్లీమీటర్లు దాటి తడిస్తే నీటికి పెద్ద కొరత లేదన్నట్టే. ఐదు కూడా తడవకపోతే కొరత గట్టిగా ఉన్నట్టు. మీకు నీరు ఉంది. పొర మాత్రం 10 సెకన్లు నిలవాల్సింది 4కే చిరిగిపోతోంది. అంటే తక్కువైంది నూనె. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, చుక్కలు ఎన్ని పోసినా నూనె గ్రంథులు తెరుచుకోకపోతే ఉపశమనం గంట, రెండు గంటలే ఉంటుంది. ఏ పొర దెబ్బతిందో తెలుసుకోకుండా సీసాలు మార్చుకుంటూ ఏళ్లు గడిపేసినవాళ్లని చూశాను. మనసు చివుక్కుమంటుంది.

మీరు చేయాల్సింది వేడి కాపడం. చాలామంది చేస్తారు, సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. తడిగుడ్డని వేడి నీళ్లలో ముంచి పిండి కళ్ల మీద వేసుకుంటారు, నిమిషంన్నరకే అది చల్లారిపోతుంది. గడ్డకట్టిన ఆ నూనె కరగాలంటే రెప్పకి దాదాపు 40 డిగ్రీల వేడి ఎనిమిది, పది నిమిషాలు తగలాలి. కాబట్టి రెండు గుడ్డలు పెట్టుకుని ఒకటి చల్లారగానే రెండోది మార్చండి, లేదా వేడి నిలిచే కంటి మాస్కు వాడండి. ముందు మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకోండి. అక్కడ చురుక్కుమంటే కంటికి పెట్టొద్దు, రెప్ప చర్మం చాలా పలచన.

కాపడం అయిన వెంటనే, వేడి పోకముందే, చూపుడు వేలితో పై రెప్పని పైనుంచి కిందికి, కింది రెప్పని కిందనుంచి పైకి, వెంట్రుకల వైపు మెల్లగా నిమరాలి. కనుగుడ్డుని నొక్కకూడదు. ఆ తర్వాత రెప్ప వెంట్రుకల మొదళ్లు తుడిచేయాలి.

క్లినిక్‌లో మేము మైక్రోస్కోపు కింద రెప్ప అంచుని మెల్లగా ఒత్తి చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి నుంచి పారదర్శకంగా, దీపపు నూనెలా చిన్న బొట్టు వస్తుంది. మూసుకుపోయిన గ్రంథి నుంచి పసుప్పచ్చగా, టూత్‌పేస్టులా సన్నటి తీగ వస్తుంది. కొన్నింట్లోంచి ఏమీ రాదు. చాలాకాలం మూసుకుపోయి ఉన్న గ్రంథి ఎండి కుంచించుకుపోతుంది, పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. అందుకే మీరు నాలుగు నెలలకే వెళ్లడం మంచిదైంది.

ఒక నెలన్నర రోజూ చేయండి. రెండో రోజుకే తేడా కనపడలేదని వదిలేయకండి.

కొత్తచూపు · బుధవారం, మధ్యాహ్నం 1:30

అక్కా, నాది వేరే ప్రశ్న. నేను కాలేజీలో చదువుతున్నాను, రెండేళ్లుగా కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటున్నాను. సాయంత్రానికి లెన్సు కంటికి అతుక్కుపోయినట్టు, తీస్తుంటే చర్మం లాగినట్టు అనిపిస్తుంది. సొల్యూషన్ అయిపోయినప్పుడు కుళాయి నీళ్లతో కడిగి పెట్టుకుంటాను. ఒకోసారి అలాగే నిద్రపోతాను. ఇవన్నీ మానేయాలా?

రెప్పచాటు · బుధవారం, మధ్యాహ్నం 2:10

తమ్ముడూ, కుళాయి నీళ్ల పని ఈ రోజే మానెయ్. శుభ్రంగా కనిపించే నీళ్లలో కూడా అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది లెన్సుకి, నల్లగుడ్డుకి మధ్య చేరితే వచ్చే పుండు భయంకరమైన నొప్పి పెడుతుంది, నెలల తరబడి మందులు వాడాలి, కొందరికి నల్లగుడ్డు మార్పిడి దాకా వెళ్తుంది. స్నానం చేసేటప్పుడు, ఈతకి వెళ్లేటప్పుడు కూడా లెన్సు తీసేయాలి. సొల్యూషన్ లేకపోతే ఆ రోజుకి కళ్లజోడు పెట్టుకో.

లెన్సుతో నిద్రపోతే నల్లగుడ్డుకి ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నల్లగుడ్డులో రక్తనాళాలు లేవు, అది ఆక్సిజన్ చాలావరకు గాలి నుంచే తీసుకుంటుంది. లెన్సూ రెప్పా రెండూ మూసేస్తే ఊపిరాడదు. ఏ రోజైనా లెన్సు పెట్టుకున్న కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోతే లెన్సు తీసేసి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు. వాడిన లెన్సుని పారేయకుండా డబ్బాతో సహా తీసుకెళ్లు, పరీక్షకి పనికొస్తుంది.

స్పష్టత · బుధవారం, సాయంత్రం 6:45

ఇక్కడ ఎవరూ బ్లూ లైట్ అద్దాల గురించి, అదే తెర నుంచి వచ్చే నీలి కాంతిని ఆపే కోటింగు ఉన్న కళ్లద్దాల గురించి, మాట్లాడలేదేంటి? నేను ఆరు నెలలుగా వాడుతున్నాను. కళ్లు లాగడం పూర్తిగా పోయింది. లెక్కలపుస్తకం గారూ, ముందు అవి తీసుకోండి, కాపడాలవీ తర్వాత చూడొచ్చు.

రెప్పచాటు · బుధవారం, రాత్రి 8:30

స్పష్టత గారూ, మీకు హాయిగా ఉన్నందుకు సంతోషం. కానీ అందరికీ ముందు అదే తీసుకోమని చెప్పడం సరికాదని నా అభిప్రాయం. 2023లో కోక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి పరిశీలించింది. మామూలు అద్దాలతో పోలిస్తే బ్లూ లైట్ అద్దాల వల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి, కనీసం కొద్దికాలం వాడకంలో, ఆధారం కనిపించలేదు. తెర నుంచి వచ్చే నీలి కాంతి పగటి ఎండలో ఉండేదానితో పోలిస్తే చాలా తక్కువ. తెర ముందు కళ్లు లాగడానికి కారణం ఆ కాంతి రంగు కాదు, రెప్ప వేయకపోవడం, ఒకే దూరంలో గంటల తరబడి చూడటం.

మీ కొత్త అద్దాల్లో పవర్ ఏమైనా ఉందా?

స్పష్టత · బుధవారం, రాత్రి 9:12

ఉంది అండీ. అదే సమయంలో పరీక్ష చేయించాను, దగ్గరి చూపుకి కొంచెం పవర్ వచ్చిందన్నారు. నాకు 44.

రెప్పచాటు · బుధవారం, రాత్రి 9:25

అయితే మీకు మేలు చేసింది ఆ పవరే అయి ఉంటుంది. నలభై దాటాక చత్వారం మొదలవుతుంది. కంటి లోపలి కటకం గట్టిపడి దగ్గరి వస్తువుల మీద చూపు నిలపడానికి కష్టపడుతుంది. ఆ శ్రమే నుదురు లాగడం, తలనొప్పి. లెక్కలపుస్తకం గారూ, మీకు 41. మీరు కూడా దగ్గరి చూపు పరీక్ష చేయించుకోండి, మీ బాధలో దాని వాటా ఎంతో తెలుస్తుంది.

స్పష్టత · బుధవారం, రాత్రి 9:40

ఇది నాకు తట్టనేలేదు. ఇంతకాలం క్రెడిట్ అంతా ఆ కోటింగుకే ఇచ్చాను. మంచి మాట చెప్పారు మేడమ్.

దారంపోగు · గురువారం, ఉదయం 5:55

నేను బట్టలు కుడతాను. నాకు 54. కళ్లలో ఇసుక పోసినట్టు గరగర మొదలై మూడేళ్లు. పొద్దున లేస్తే రెప్పలు అంటుకుపోయి ఉంటాయి, వేళ్లతో విప్పుకోవాలి. సూదిలో దారం ఎక్కించడానికి పది సార్లు ప్రయత్నించాలి. కళ్లు ఎర్రగా ఉన్నాయని మందుల షాపులో ఎరుపు తగ్గే చుక్కలు ఇచ్చారు. వేసిన అరగంటలో తెల్లగా అవుతాయి, సాయంత్రానికి ఇంకా ఎర్రగా అవుతాయి. రెండేళ్లుగా అదే వేస్తున్నాను.

చెప్పాలో వద్దో తెలియదు గానీ, నోరు కూడా ఎండిపోతుంది. నీళ్లు తాగకుండా ముద్ద మింగలేను. రాత్రి నాలుగు సార్లు నీళ్ల కోసం లేస్తాను. పొద్దున వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి కత్తెర పట్టడానికి గంట పడుతుంది. ఇవన్నీ వయసు వల్లేనని ఇంట్లో అంటారు.

రెప్పచాటు · గురువారం, ఉదయం 7:30

అక్కా, చెప్పడమే మంచిదైంది. దయచేసి దీన్ని వయసు మీదికి నెట్టేయకండి.

ముందు ఆ చుక్కలు. ఎరుపు తగ్గించే మందులు రక్తనాళాలని బిగిస్తాయి. మందు ప్రభావం దిగగానే అవి ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతాయి. మీరు చూస్తున్న సాయంత్రపు ఎరుపు అదే. వాటితో పొడి తగ్గదు. సీసా పారేయకుండా పేరు చూపించడానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందేమో కూడా చూడాలి. స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వేసుకుంటే కంటి లోపల ఒత్తిడి పెరిగి నీటికాసులు, ఇంకా శుక్లాలు రావచ్చు. కాబట్టి ఒత్తిడి పరీక్ష తప్పకుండా చేయమని అడగండి.

రెండోది ఇంకా ముఖ్యం. కళ్లు, నోరు, కీళ్లు మూడూ కలిసి వస్తే షోగ్రెన్ సిండ్రోమ్ ఉందేమో చూడాలి. 1933లో హెన్రిక్ షోగ్రెన్ అనే స్వీడన్ కంటి వైద్యుడు తన దగ్గరికి వచ్చిన ఆడవాళ్లలో ఈ మూడూ కలిసి ఉండటం గమనించి పరిశోధన రాశాడు. మన రోగనిరోధక శక్తే కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద దాడి చేయడం ఈ జబ్బు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మధ్యవయసు ఆడవాళ్లే. మీకు అదే ఉందని నేను అనట్లేదు. ముట్లు ఆగిపోయాక హార్మోన్లు మారి కళ్లు పొడిబారడం మామూలే. అలర్జీ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు, మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్ కూడా ఈ పని చేస్తాయి. షుగరు, థైరాయిడ్, కీళ్లవాతం ఉన్నా అవుతుంది. తేల్చుకోవాలంటే షిర్మర్ పరీక్ష, రక్తంలో యాంటీ ఎస్‌ఎస్‌ఏ పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు గదిలోకి వెళ్లాక కళ్ల గురించే చెప్పి వచ్చేయకండి. నోరు, కీళ్లు, రాత్రి నీళ్ల కోసం లేవడం, అన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లి చదివి వినిపించండి.

లెక్కలపుస్తకం · గురువారం, ఉదయం 9:10

దారంపోగు అక్కా, నేను ఈ చర్చ మొదలుపెట్టింది నా కోసం. మీ పోస్టు చదివాక మీ గురించే ఆలోచిస్తున్నాను. తప్పకుండా వెళ్లండి, ఏం చెప్పారో ఇక్కడ రాయండి.

మంటపని · గురువారం, రాత్రి 9:50

వెల్డింగ్ పని నాది. కంటి కష్టం గురించి కాబట్టి నాదీ చెప్తాను, ఒకరికైనా పనికొస్తుంది. పోయిన నెల చిన్న అతుకే కదా అని మాస్కు లేకుండా రెండు నిమిషాలు పని చేశాను. అప్పుడేమీ అనిపించలేదు. అర్ధరాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చింది. కళ్లలో గాజు పొడి పోసినట్టు నొప్పి. కళ్లు తెరవలేను, మూసినా ఉండలేను. నీళ్లు ఆగవు. తోటి పనివాడు తన దగ్గర ఉన్న తిమ్మిరి చుక్కలు వేశాడు, వెంటనే హాయిగా అనిపించింది. రెండు గంటలకోసారి అవే వేసుకుంటూ తెల్లారేదాకా గడిపాను. డాక్టరు చూసి చాలా కోప్పడ్డారు.

రెప్పచాటు · గురువారం, రాత్రి 10:35

కోప్పడటానికి కారణం ఉంది అన్నా. వెల్డింగ్ మంటలోని అతినీలలోహిత కిరణాలు నల్లగుడ్డు పైపొరని కాల్చేస్తాయి. ఎండకి చర్మం కమిలినట్టే. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత నొప్పి లేస్తుంది కాబట్టే చాలామంది దేనివల్ల వచ్చిందో పోల్చుకోలేరు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. తిమ్మిరి చుక్కలు నొప్పిని చంపుతాయి గానీ పుండు మానకుండా అడ్డుకుంటాయి. పదే పదే వేస్తే నల్లగుడ్డు కరిగి చిల్లు పడే ప్రమాదం ఉంది. అవి పరీక్షగదిలో వాడేవి, ఇంటికి తెచ్చుకునేవి కావు.

గ్రైండింగ్ చేసేటప్పుడు ఎగిరే ఇనుప రజను కూడా జాగ్రత్త. కంట్లో పడితే నలపకూడదు. గుడ్డ కొసతో తీసే ప్రయత్నం చేయొద్దు.

సిమెంటు, సున్నం, యాసిడ్, శుభ్రం చేసే రసాయనాలు ఏవి చిందినా ఒక్క క్షణం కూడా ఆలోచించొద్దు. దగ్గర్లో ఉన్న శుభ్రమైన నీళ్లతో, రెప్పలు విప్పి పట్టుకుని, పదిహేను నుంచి ముప్ఫై నిమిషాలు కడగాలి. ఆసుపత్రికి పరుగెత్తడం ఆ తర్వాతే. సున్నం లాంటి క్షారాలు యాసిడ్ కన్నా లోతుగా దిగిపోతాయి, మొదటి నిమిషాలే కంటిని కాపాడతాయి.

చిన్నడికోసం · శుక్రవారం, ఉదయం 8:20

మా బాబుకి తొమ్మిదేళ్లు. నెల రోజులుగా కళ్లు టపటపా ఆర్పుతున్నాడు, పిడికిళ్లతో గట్టిగా నలుపుకుంటున్నాడు. ఫోను ఎక్కువ చూస్తాడు. తిడితే ఇంకా ఎక్కువ చేస్తున్నాడు.

రెప్పచాటు · శుక్రవారం, ఉదయం 9:00

తిట్టకండమ్మా, వాడు కావాలని చేయట్లేదు. పిల్లల్లో ఇది ఎక్కువగా అలర్జీ వల్ల, అద్దాల అవసరం వల్ల, పొడి వల్ల వస్తుంది. ఒక్కసారి పూర్తి పరీక్ష చేయించండి. నలుపుకోవడం మాత్రం ఆపించాలి, ఏళ్ల తరబడి గట్టిగా నలిపితే నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్‌కి దారితీయవచ్చు. దురద పుట్టినప్పుడు మూసిన కళ్ల మీద చల్లటి తడిగుడ్డ పెట్టండి. రోజూ రెండు గంటలు ఆరుబయట వెలుతురులో ఆడుకుంటే దూరపు చూపు మందగించే అవకాశం కూడా తగ్గుతుంది.

రాత్రిబండి · శుక్రవారం, రాత్రి 11:40

అక్కా, ఒమేగా 3 మాత్రలు వేసుకోమని ఒకరు చెప్పారు. నాలుగు నెలల నుంచి వేసుకుంటున్నాను. ఉపయోగం ఉందంటారా? ఇంకోటి, చుక్కలు ఎన్నిసార్లు వేసుకోవచ్చు? నేను రాత్రంతా వేస్తూనే ఉంటాను.

రెప్పచాటు · శనివారం, ఉదయం 7:15

2018లో డ్రీమ్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. 535 మందిలో కొందరికి రోజుకి 3,000 మిల్లీగ్రాముల ఒమేగా 3, మిగతావారికి ఆలివ్ నూనె మాత్రలు ఏడాది పాటు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ బాధ తగ్గింది, తేడా మాత్రం చెప్పుకోదగ్గంత లేదు. నేనైతే వాటి మీద ఆశ పెట్టుకోను.

చుక్కల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. రోజుకి నాలుగు సార్లు మించి వేసుకోవాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేని చుక్కలు అడగండి. చాలా సీసాల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే నిలవ మందు ఉంటుంది. అది సూక్ష్మజీవుల్ని చంపుతుంది, కానీ పదే పదే పడితే కంటి పైపొరని కూడా దెబ్బతీస్తుంది. ఉపశమనం కోసం వేసుకునేదే మంట పెంచుతుంది. రాత్రంతా వేయాల్సి వస్తోందంటే మీకు అదే జరుగుతోందేమో చూపించుకోండి.

వేసుకునే పద్ధతి కూడా ముఖ్యం. నేను పేషెంట్ల చేత నా ముందే వేయించి చూస్తాను, చాలామందివి చెంప మీద పడతాయి. చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పని కిందికి లాగితే చిన్న జేబులా ఏర్పడుతుంది. అందులో ఒక్క చుక్క వేయాలి. ఆ జేబులో ఒక్క చుక్కే పూర్తిగా పట్టదు, రెండోది వృథా. సీసా మూతి వెంట్రుకలకి తగలకూడదు. కళ్లు మెల్లగా మూసుకుని, ముక్కు పక్కన కనుకొలికిని వేలితో నిమిషం సేపు ఒత్తి ఉంచాలి. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. తెరిచిన మామూలు సీసాని నెల దాటాక వాడొద్దు.

వేదిక_నిర్వహణ · శనివారం, ఉదయం 10:00

సభ్యులకు మనవి. ఇక్కడి మాటలు పరీక్షకి బదులు కావు. ఉన్నట్టుండి చూపు తగ్గినా, మెరుపులు కనిపించినా, నల్లటి చుక్కలు ఒక్కసారిగా గుంపుగా వచ్చినా, చూపులో ఒక పక్క తెర దించినట్టు అనిపించినా, కన్ను ఎర్రబడి తలనొప్పి, వాంతులు వచ్చినా ఇక్కడ పోస్టు పెట్టి జవాబు కోసం చూడకండి. వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లండి.

లెక్కలపుస్తకం · ఏడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే నాకేం జరిగిందో రాస్తాను.

రోజూ రాత్రి పది నిమిషాలు కాపడం పెట్టాను. మొదటి రెండు వారాలు ఏమీ తెలియలేదు, మానేద్దామనిపించింది. మూడో వారంలో ఒక రోజు సాయంత్రం ఆరైంది, జేబులో రుమాలు మడత విప్పలేదని గమనించాను. మేడమ్ చెప్పినట్టు దగ్గరి చూపు పరీక్ష చేయించాను, పవర్ వచ్చింది, అద్దాలు పెట్టాను. తెరని కంటిమట్టం కన్నా నాలుగు వేళ్లు కిందికి దించాను. కిందికి చూస్తే కన్ను తక్కువ తెరుచుకుంటుంది, తడి తక్కువ ఆరుతుంది. తెర అంచున చిన్న కాగితం మీద "రెప్ప" అని రాసి అంటించాను. అది కనపడ్డప్పుడల్లా మెల్లగా పూర్తిగా కళ్లు మూసి, ఒక క్షణం ఆగి తెరుస్తాను. ఇరవై నిమిషాలకోసారి కిటికీలోంచి దూరంగా చూస్తాను.

నిన్న మళ్లీ పరీక్ష చేశారు. 4 సెకన్లు కాస్తా 8 అయింది. కాపడం ఆపొద్దన్నారు. చుక్కలు రోజుకి నాలుగు నుంచి రెండుకి తగ్గించారు.

దారంపోగు అక్కా, మీరు వెళ్లారా?

దారంపోగు · ఆదివారం, రాత్రి 8:45

వెళ్లాను తమ్ముడూ. కాగితం మీద అన్నీ రాసుకుని వెళ్లాను. డాక్టరమ్మ మొత్తం చదివి, ఇంత స్పష్టంగా రాసుకొచ్చినవాళ్లు తక్కువ అన్నారు. కాగితం పరీక్షలో మూడే మిల్లీమీటర్లు తడిసింది. రక్త పరీక్షలో ఆ షోగ్రెన్‌దే తేలింది. భయపడ్డాను గానీ, మూడేళ్లుగా పడుతున్న బాధకి ఒక పేరుందని తెలిశాక ఏదో బరువు దిగినట్టుంది. ఎర్రదనం చుక్కలు ఆపించారు. ప్రిజర్వేటివ్ లేని చుక్కలు, సైక్లోస్పోరిన్ అనే మందు ఇచ్చారు. అది పని చేయడానికి రెండు మూడు నెలలు పడుతుందట, మొదట్లో మంటగా ఉంటుందని ముందే చెప్పారు. కన్నీళ్లు పోయే రంధ్రాలకి చిన్న బిరడాలు పెట్టారు, ఉన్న నీరు కంట్లోనే నిలుస్తుందని. ఒత్తిడి పరీక్ష చేశారు, బాగానే ఉందన్నారు. పళ్ల డాక్టరుకి కూడా చూపించుకోమన్నారు, నోరు ఎండితే పళ్లు తొందరగా పుచ్చుతాయట.

నిన్న సూదిలో దారం మూడోసారికే ఎక్కింది.

రెప్పచాటు · ఆదివారం, రాత్రి 9:05

అక్కా, ఇది చదివి కళ్లు చెమర్చాయి. కీళ్ల డాక్టరు అపాయింట్‌మెంటు ఎప్పుడు?

దారంపోగు · ఆదివారం, రాత్రి 9:12

గురువారం. మళ్లీ కాగితం రాసుకుంటున్నాను. ఈసారి ఏమేం అడగాలో చెప్పమ్మా.